పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు

మొన్న సంక్రాంతికి కోదాడలో అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మా సొంతూరు సూర్యాపేట. హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు మీద వస్తే ముందు మా ఊరు, తర్వాత అక్క ఊరు. అమ్మమ్మ ఊరు మిర్యాలగూడ ఈ రోడ్డు మీద తగలదు, దక్షిణానికి దిగాలి. నా చిన్నప్పటి సెలవులన్నీ ఈ మూడు ఊళ్ళ మధ్య బస్సుల్లోనే గడిచాయి. ఈ వ్యాసం కూడా కాస్త దూరాలు పోయినా చివరికి ఆ మూడు ఇళ్ళ దగ్గరికే వస్తుంది.

నేను వెళ్ళేసరికి అక్క ఫోన్లో ఎవరికో సర్దిచెప్తోంది. మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు. ఆన్‌లైన్లో కోడింగ్ నేర్పే క్లాసు ఒకటి దానికి ఉచితంగా చూపించారట. అప్పట్నుంచీ డబ్బు కట్టమని రోజూ ఫోను. ఈ వయసులో కంప్యుటేషనల్ థింకింగ్ రాకపోతే పాప వెనకబడిపోతుందని భయపెడుతున్నారట. ఫోను పెట్టేసి అక్క నావైపు తిరిగింది.

"అదేందో నాకు తెల్వదురా. నాకు లెక్కలే సరిగ్గ రావు. దీనికి నేనేం నేర్పుత? నువ్వు సాఫ్ట్‌వేర్ గదా, నువ్వే చెప్పు. కట్టాల్నా, వద్దా?"

ఏం చెప్పాలో నాకూ తోచలేదు. మర్నాడు భోగి. ఇంకా చీకటిగా ఉండగానే లేచి బయటికొస్తే, లెక్కలు రాని మా అక్క వాకిట్లో ముగ్గు వేస్తోంది. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందు చుక్క. అంటే మధ్య వరుసలో పదిహేను చుక్కలు. దాని పైనా కిందా, రెండేసి చుక్కల సందుల్లో పద్నాలుగు. ఆపైన పదమూడు. అలా ఒక్కోటీ తగ్గిస్తూ ఎనిమిది రాగానే ఆపెయ్యాలి. కాగితం లేదు, స్కేలు లేదు, వీధిలైటు తప్ప వేరే వెలుతురు లేదు. ఒక్క చుక్క కూడా తప్పు పడలేదు.

ఆఫీసులో మేము రాసేది ఇదే. ఒకచోట మొదలుపెట్టు, ప్రతిసారీ ఒకటి తగ్గించు, ఎనిమిది వచ్చిందా చూడు, రాకపోతే మళ్ళీ చెయ్యి. దీన్ని మేము లూప్ అంటాం, జీతం తీసుకుంటాం. అక్క దీన్ని ముగ్గు అంటుంది, లెక్కలు రావంటుంది. ఈ రెండు మాటల మధ్య ఇంత దూరం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఆ పండక్కి మొదలైన వెతుకులాట ఇది.

*

ముందు ఆ ఫోన్లో వినబడ్డ పెద్ద మాట సంగతి. 2006లో జెనెట్ వింగ్ అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఆ పేరుతోనే ఒక చిన్న వ్యాసం రాశారు. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఆలోచించే పద్ధతి చదవడం, రాయడం, లెక్కలు చెయ్యడంలాగా అందరికీ రావాల్సిందే అని ఆమె వాదన. మాట అంతకుముందే ఉంది. సీమోర్ పాపర్ట్ 1980లో అచ్చయిన తన మైండ్‌స్టార్మ్స్ పుస్తకంలో దాన్ని వాడాడు. పాపర్ట్, ఆయన తోటివాళ్ళు 1967లోనే పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు. తర్వాత అందులోకి ఒక తాబేలు వచ్చింది. ఇంత ముందుకెళ్ళు, ఇంత తిరుగు అని పిల్లలు చెప్తే అది గీతలు గీస్తుంది. కంప్యూటరు పిల్లలకి పాఠం చెప్పడం కాదు, పిల్లలే కంప్యూటరుకి నేర్పాలి అన్నది పాపర్ట్ పట్టుదల. నేర్పాలంటే తనకి తెలిసిందాన్ని ముక్కలుగా విడగొట్టి, వరసలో పెట్టి, తప్పొస్తే ఎక్కడొచ్చిందో వెనక్కి వెళ్ళి చూసుకోవాలి. పెద్ద మాటలోని సారం దాదాపు ఇంతే. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా గణితంతో పాటు ఈ ఆలోచనా పద్ధతిని చిన్న తరగతుల నుంచే ఆటలతో, పజిళ్ళతో నేర్పాలంటుంది. కోడింగును మాత్రం మాధ్యమిక తరగతులకు వదిలింది. అంటే ఎనిమిదేళ్ళ పిల్లకి తొందరేం లేదు.

తాబేలు గీతలకీ ముగ్గుకీ ఉన్న పోలిక నా కంటే చాలా ముందే పట్టుకున్నవాళ్ళున్నారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ కలిసి 1974లో ఒక పరిశోధనా పత్రం అచ్చువేశారు. విషయం తమిళ వాకిళ్ళలోని కోలం, అంటే మన ముగ్గే. వాక్యాలకు వ్యాకరణం ఉన్నట్టే బొమ్మలకు కూడా వ్యాకరణం రాయొచ్చా అన్నది అప్పట్లో కంప్యూటర్ సైన్సులో కొత్త ప్రశ్న. కొన్ని చిన్న నియమాలిస్తే వాటినుంచి ఎంత పెద్ద ముగ్గైనా పుట్టుకొస్తుందని ఈ ముగ్గురూ చూపించారు. 2002లో మార్సియా ఆషర్ అనే గణితజ్ఞురాలు ఒక అమెరికన్ సైన్సు పత్రికలో దీనిమీద పెద్ద వ్యాసం రాశారు. వాకిట్లో పొద్దున వేసి సాయంత్రానికి చెరిగిపోయే పని అలా సిద్ధాంత గ్రంథాల్లోకి ఎక్కింది. వేసినవాళ్ళకి ఆ కబురు అందలేదు, అంతే.

*

మిర్యాలగూడ అంటే ఇప్పుడు రైసుమిల్లులు. నాగార్జునసాగర్ ఎడమకాలువ నీళ్ళు వచ్చాక పెరిగిన ఊరు అది. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. మా అమ్మమ్మ అంతకు చాలా ముందు పుట్టిన మనిషి. బడి ముఖం చూడలేదు, సంతకం బదులు ఏలుముద్ర. కాని బియ్యం కొలవాల్సి వస్తే ఇంట్లో ఎవరూ ఆమె దగ్గరికి పోయేవాళ్ళు కాదు.

ఆమె దగ్గర గిద్ద, సోల, తవ్వ, మానిక ఉండేవి. 1956 చట్టంతో కిలోలు, లీటర్లు వచ్చి అప్పటికే ముప్పై ఏళ్ళు దాటినా వంటింట్లో ఆమె రాజ్యం ఆమెదే. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ఊరిని బట్టి పాత్ర సైజు మారేది, ఒక్కోచోట పేరూ మారేది. రెట్టింపు అవుతూ పోవడం మాత్రం మారదు. చివర్లో తూములు ఇరవై అయితే పుట్టి.

ఆ వరస మళ్ళీ చూడండి. గిద్దల్లో చెప్తే 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256. ఇంజనీరింగ్ రెండో ఏడులో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పాఠం వింటూ ఈ అంకెల్ని బోర్డు మీద చూశాను. అవి అమ్మమ్మ అటక మీద ఉన్నాయని అప్పుడు తట్టలేదు. తూములోపు ఎన్ని గిద్దల గింజలు కావాలన్నా ఒక్కో పాత్రను ఒక్కసారికి మించి వాడక్కర్లేదు. వంద గిద్దలు కావాలా? ఒక కుంచం, ఒక అడ్డ, ఒక సోల. 64, 32, 4. వాడిన పాత్రకి ఒకటి, వాడనిదానికి సున్నా రాసుకుంటూ పోతే అదే కంప్యూటరు లోపల వంద. ఇంట్లో ఉన్న నాలుగు పాత్రలతో నేను గిద్ద పట్టుకుని కొలవబోతే అమ్మమ్మ తిట్టేది, "పెద్దదాంతోని మొదలువెట్టు బిడ్డా, మిగిలింది చిన్నదాంట్ల పడ్తది." ఆ పద్ధతికి పుస్తకాల్లో వేరే పేరుంది. అమ్మమ్మకి అది చేతివాటం.

ఈ నాలుగేసి, రెండేసి లెక్క వంటింటికే పరిమితం కాదు. రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు పైసలు, మొత్తం అరవై నాలుగు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా అదే. ఇప్పటికీ మనం పదహారణాల తెలుగు అంటాం తప్ప వంద పైసల తెలుగు అనం. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు రాయడానికి నాలుగు ఆధారంగా ప్రత్యేకమైన గుర్తులుండేవి. ఒక స్థానానికి నిలువు గీతలు, పక్క స్థానానికి అడ్డగీతలు, కాబట్టి ఏది ఏ స్థానమో తికమక ఉండదు. ఆ గుర్తులన్నీ తూము గుర్తుతో సహా 2008లో యూనికోడ్‌లోకి ఎక్కాయి. ఈ వ్యాసం మీరు ఏ ఫోన్లో చదువుతున్నా దాని అక్షరాల పట్టికలో తూముకి ఒక గది ఉన్నట్టే.

రాతలో దీనికి ఇంకా పాత చరిత్ర ఉంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాసిన సంస్కృత గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన కాలం 11వ శతాబ్దమని సాధారణంగా చెప్తారు. మూలంలో కొన్ని గుణకారాలు సరదాగా పూలదండలాంటి జవాబులిస్తాయి. 139ని 109తో హెచ్చిస్తే 15151. 152207ని 73తో హెచ్చిస్తే వరసగా ఎనిమిది ఒకట్లు. ఎటునుంచి చదివినా ఒకటే. మల్లనదిగా చెప్పుకునే చదరంగం పద్యం ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, అలా అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని? పద్యంలో అంకెలుండవు, చంద్రుడంటే 1, వేదాలంటే 4, గిరులంటే 7 లాంటి మాటలుంటాయి. వాటిని కుడినుంచి ఎడమకి పేర్చుకుంటే 18446744073709551615 వస్తుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఈ అంకెను పరిచయం చెయ్యక్కర్లేదు. 64 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య అదే.

*

ఇక్కడ ఆగిపోతే ఈ వ్యాసం "మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసు" అనే వాట్సాప్ ఫార్వర్డు అవుతుంది. అది నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది నిజం కాదు. తెలిసింది "మనవాళ్ళకి" కాదు. ఎవరికి ఎంతవరకు తెలియనిచ్చారన్నది అసలు సంగతి.

నిజాం రాజ్యానికి దక్షిణాన, తుంగభద్ర అవతల, బళ్ళారి జిల్లా ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తియ్యమంటే, అక్కడి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. జిల్లాలో బడులు 533. అందులో తెలుగువి 226, కన్నడవి 235. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం ఆయనకు బాగా నచ్చాయి. ఆ రెండో పద్ధతిని ఇంగ్లండులో కూడా అనుకరించారని రాశాడు. నచ్చనివీ రాశాడు. పిల్లలు పద్యాలు కంఠస్థం చేస్తారు గాని అర్థం తెలియదు, చెప్పే పంతులుకే తెలియదు అని. ఇక విద్యార్థుల లెక్క. మొత్తం 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60.

ఈ అరవై దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మిగతా ఆడపిల్లలంతా ఆ పొద్దున ఏం చేస్తుంటారు? వాకిట్లో చుక్కలు పెడుతుంటారు, గింజలు కొలుస్తుంటారు, వామనగుంటల్లో చింతపిక్కలు పంచుతూ ఎక్కడ మొదలుపెడితే చివరి పిక్క ఖాళీ గుంటకు ముందు పడుతుందో మనసులోనే లెక్క వేస్తుంటారు. కలెక్టరు గారి పట్టికలో దానికి గడి లేదు. బడిలో జరిగింది చదువు, ఇంట్లో జరిగింది పని. మా అక్క "నాకు లెక్కలు రావు" అనడానికి వెనక రెండు వందల ఏళ్ళ ఆ పట్టిక ఉంది.

మా వైపు పరిస్థితి ఇంకా గడ్డు. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ, చదువూ అందులోనే. రికార్డులు పట్వారీ చేతిలో. ఊళ్ళో గింజలు అప్పుగా తెచ్చుకుంటే దాన్ని నాగు అనేవాళ్ళు. పుట్టి తెస్తే పంటకి పుట్టిన్నర తిరిగివ్వాలి. ఇవ్వలేకపోతే ఆ పుట్టిన్నరే మళ్ళీ అసలు. రెండో ఏటికి రెండుంబావు, మూడో ఏటికి మూడు దాటి, నాలుగో ఏటికి ఐదు పైచిలుకు, ఐదో ఏటికి ఏడున్నర. చదరంగం గళ్ళకీ దీనికీ సూత్రం ఒకటే, ఇక్కడ రెండు బదులు ఒకటిన్నర. గింజను గిద్దతో సహా కొలవగల మనిషి, గింజ ఎలా పెరిగి తన మెడకు చుట్టుకుంటుందో చెప్పే కాగితాన్ని చదవలేక ఏలుముద్ర వేసేవాడు. పావులూరి గణితం లాంటి విద్య కరణాల ఇళ్ళల్లో ఉంటే సరిపోలేదు. ఒక్కోసారి అది అక్కడ మాత్రమే ఉండటమే కష్టమైంది.

1930లో జోగిపేటలో మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగినప్పుడు దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. మాతృభాషలో చదువు కావాలన్నది ఆ మహాసభల మొదటి కోరికల్లో ఒకటి. 1941లో ఎనిమిదో మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన మా కోదాడ దగ్గరి చిలుకూరులోనే జరిగింది. అక్కణ్ణుంచి సభ దారి భూమివైపు, వెట్టివైపు, అప్పులవైపు మళ్ళింది. 1946 తర్వాత సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్ళు సాయుధ పోరాటంలోకి వెళ్ళాయి. ఆ పోరాటంలో అప్పుపత్రాలను కుప్పపోసి తగలబెట్టారు. చిన్నప్పుడు ఈ ముచ్చట విన్నప్పుడల్లా నాకు మంట ఒక్కటే కనబడేది. ఇప్పుడు ఆ కాగితాల్లోని లెక్క కనబడుతుంది. తమ బతుకుల్ని నడిపే నియమాన్ని చదివే వీల్లేని మనుషులు చివరికి దాన్ని కాల్చేశారు.

నా వృత్తిలో ఉన్నవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలనిపిస్తుంది. ఈరోజు ఫోన్లో ఎవరికి అప్పు ఇవ్వాలో, ఏ వీడియో తర్వాత ఏది చూపించాలో నిర్ణయించే నియమాలు రాసేది మేమే. వాటిని చదవలేనివాళ్ళు పాత ఏలుముద్ర బదులు "అంగీకరిస్తున్నాను" మీట నొక్కుతున్నారు. పిల్లలకి ఈ ఆలోచన ఎందుకు రావాలి అంటే ఉద్యోగం కోసమని ఆ ఫోన్లో చెప్పారు. నాకు మాత్రం అప్పు కాగితం ముందు కూర్చున్న మనిషే గుర్తొస్తాడు.

*

పండగ రెండో రోజు పొద్దున మేనకోడల్ని వాకిట్లోకి పిలిచాను. పదిహేనుతో కాదు, చిన్నదాంతో మొదలుపెట్టాం. ఏడు చుక్కలు, నాలుగు వరకు. అక్క చుక్కలు పెట్టింది. "ఒక్కోటీ లెక్కపెట్టకుండా మొత్తం ఎన్నో చెప్పు" అన్నాను. అది కాసేపు గొణుక్కుని, "మధ్యలో ఏడు. పైన ఆరు, ఐదు, నాలుగు. కింద కూడా అంతే" అంది. పదిహేను, పదిహేను, ఏడు. ముప్పై ఏడు. వేలుపెట్టి లెక్కపెట్టి చూసుకుంది, సరిపోయింది.

"ఇంకో తీరుగ చెప్పొచ్చా?" అన్నాను. నాకు తెలిసిన జవాబు ఒకటుంది గాని నేను చెప్పలేదు. చెప్పింది అక్క. చీపురు పక్కన పెట్టి వచ్చి, "నడుమ ఒక చుక్క. దాని సుట్టు ఆరు. దాని సుట్టు పన్నెండు. ఆపైన పద్దెనిమిది. ఒక్కో సుట్టుకి ఆరు పెరుగుతయ్" అంది. ఒకటి, ఆరు, పన్నెండు, పద్దెనిమిది. ముప్పై ఏడే. అక్కకి అది ఎవరూ చెప్పలేదు. ముగ్గు మధ్యలో పువ్వు పెట్టి చుట్టూ రేకులు వేసుకుంటూ వచ్చే అలవాటు వల్ల అలా కనబడిందట. ఇన్నేళ్ళుగా కనబడుతూనే ఉంది, ఎవరూ అడగలేదు.

అప్పుడు పిల్ల పదిహేను–ఎనిమిది ముగ్గుకి ఆ చుట్ల లెక్క వేసింది. 168 అంది. వరసల లెక్కన వేస్తే 169 వచ్చింది. రెండు జవాబులు ఉండకూడదు కాబట్టి ఎక్కడో తప్పుంది. నేను నోరు మూసుకుని కూర్చోవడం ఆ పూట నేను చేసిన కష్టమైన పని. పది నిమిషాలకి దానికే దొరికింది. చుట్లన్నీ కలిపింది గాని నడిమి చుక్కని మర్చిపోయింది. ఆ అరుపు పక్కింటివాళ్ళకి కూడా వినబడి ఉంటుంది. తాబేలుతో పాపర్ట్ చెయ్యాలనుకున్నది ఇదే అనుకుంటాను. తప్పు దొరికితే సిగ్గుపడకుండా సంబరపడటం.

ఇంట్లో తల్లిదండ్రులు చెయ్యాల్సింది దీనికంటే పెద్దది ఉందని నాకనిపించట్లేదు. ఎక్కాలు అప్పచెప్పించుకుంటే సరిపోదు, క్యాంప్‌బెల్ ఫిర్యాదు దాని గురించే. ముగ్గు వేయిస్తే కూడా సరిపోదు. అమ్మమ్మ నాకు పాత్రలన్నీ చూపించింది గాని, అవి రెట్టింపులే ఎందుకయ్యాయని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చేతిలో ఉన్న పనిని మాటల్లో పెట్టమనడం, అది ఇంకో రకంగా చెయ్యొచ్చా అని అడగడం, తప్పొచ్చినప్పుడు జవాబు చెప్పకుండా కూర్చోవడం. ముగ్గు వెయ్యని ఇళ్ళు ఉంటాయి, బియ్యం ప్యాకెట్లో వచ్చే ఇళ్ళు ఇంకా ఎక్కువ. అష్టాచెమ్మా, బస్సు టైము లెక్క, ఇంట్లో ఏదున్నా పనికొస్తుంది. మగపిల్లాణ్ణి కూడా వాకిట్లోకి పిలవొచ్చు. నన్నెవరూ పిలవలేదు కాబట్టి ముప్పై దాటాక నేర్చుకుంటున్నాను.

కనుమ సాయంత్రం నేను బయల్దేరుతుంటే మళ్ళీ ఆ ఫోను వచ్చింది. అక్క ఎత్తింది. ఇప్పుడే వద్దులెండి, పిల్ల ఇంకా చిన్నది అంది. అవతల ఏదో అన్నారు. అక్క కాసేపు విని, "వస్తదండి. ఇంట్ల నేర్పుతున్న" అంది.

బస్సు సూర్యాపేట చేరేసరికి మేనకోడలి నుంచి ఫోటో వచ్చింది. పాత నోటు పుస్తకంలో అక్క ముగ్గులుంటాయి, ప్రతి బొమ్మ కింద చుక్కల లెక్క మాత్రం రాసి ఉంటుంది. ఇప్పుడు పదిహేను–ఎనిమిది బొమ్మ కింద పెన్సిల్‌తో కొత్త వాక్యం చేరింది. "మధ్య చుక్క మర్చిపోవద్దు."